షటిల్ రాకెట్ బరువు, బ్యాలెన్స్: మీ ఆటకు సరిపడేది తేల్చుకునే పద్ధతి

"అన్నా, 3యూ తీసుకోవాలా, 4యూ తీసుకోవాలా? హెడ్ హెవీ అయితే స్మాష్ బాగా పడుతుందంట కదా?" కర్నూలులో పొద్దున కోర్టుకు వచ్చేవాళ్లలో కొత్త రాకెట్ కొనాలనుకునే ప్రతి ఒక్కరూ అడిగేది ఈ రెండే: ఒకటి రాకెట్ బరువు ఎంతుండాలని, రెండోది ఆ బరువు ఎటువైపు ఎక్కువుండాలని. అడిగేవాళ్ల ఆట చూడకుండా దీనికి జవాబు చెప్పలేం. అందుకే ఎవరి ఆటను వాళ్లే పరీక్షించుకుని తేల్చుకునే పద్ధతిని వరసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. కొత్తది కొనేలోపు మీ చేతిలో ఉన్న రాకెట్‌నే తూచి, కొలిచి, గ్రిప్పుతోనూ టేపుతోనూ కొంచెం అటూ ఇటూ మార్చి ఆడి చూడండి. ఒక ఓవర్‌గ్రిప్ (హ్యాండిల్ గ్రిప్ మీద అదనంగా చుట్టే పట్టీ) ఖర్చుతో తెలిసిపోయే విషయాన్ని నాలుగైదు వేలు పెట్టి తెలుసుకోనక్కర్లేదు.

## 1. ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- గ్రాముల్లో చూపించే చిన్న డిజిటల్ కాటా (వంటింట్లోది చాలు)
- మిల్లీమీటర్ల గీతలున్న కొలత టేపు
- ఒక పెన్సిల్, చిన్న నోటు పుస్తకం
- పల్చటి ఓవర్‌గ్రిప్‌లు రెండు
- లెడ్ టేప్ (బరువు పెంచడానికి అంటించే సీసం టేపు) కొంచెం. అది దొరక్కపోతే ఫ్రేమ్ గీసుకుపోకుండా అంటించే హెడ్ గార్డ్ టేప్
- మీకు ఎదురుగా నిలబడి ఓపిగ్గా స్మాష్‌లు కొట్టే ఒక మనిషి

చివరిది దొరకడమే కష్టం. కానీ అది లేకుండా నాలుగో మెట్టు పూర్తికాదు.

## 2. రాకెట్ మీద ఉన్న అంకెలు చదవడం

హెడ్డు, షాఫ్ట్ (హెడ్డుకూ హ్యాండిల్‌కూ మధ్య ఉండే సన్నటి కడ్డీ) కలిసే చోటో, హ్యాండిల్ పైనున్న కోన్ మీదో "4యూ జీ5" లాంటి గుర్తు ఉంటుంది. యూ అంటే బరువు. యోనెక్స్ లెక్క ఇలా ఉంటుంది:

- 2యూ: 90 నుంచి 94 గ్రాములు
- 3యూ: 85 నుంచి 89
- 4యూ: 80 నుంచి 84
- 5యూ: 75 నుంచి 79
- ఎఫ్: 70 నుంచి 74

అంకె పెరిగేకొద్దీ బరువు తగ్గుతుంది. విక్టర్ కూడా దాదాపు ఇదే లెక్క వాడుతుంది, మిగతా కంపెనీలవి కొన్ని నేరుగా గ్రాముల్లోనే ఉంటాయి.

ఈ బరువులో గట్స్ (హెడ్డులో అల్లే తీగలు), మీరు పైన చుట్టే గ్రిప్ కలవవు. గట్స్ ఒక 5 గ్రాములు, ఓవర్‌గ్రిప్ ఇంకో 5 గ్రాములు అనుకుంటే, 83 గ్రాముల 4యూ రాకెట్ కోర్టులోకి దిగేసరికి 90 దాటిపోతుంది. పైగా టవల్ గ్రిప్ చుట్టి, అది చెమటకు తడిసిందంటే ఇంకా పెరుగుతుంది.

జీ అంటే హ్యాండిల్ లావు. యోనెక్స్‌లో జీ4 కంటే జీ5 సన్నం. మన దగ్గర ఎక్కువగా దొరికేది జీ5.

బ్యాలెన్స్ అంటే హ్యాండిల్ అడుగు నుంచి రాకెట్ సమంగా నిలిచే చోటు దాకా ఉన్న దూరం. రాకెట్ మొత్తం పొడవు 680 మిల్లీమీటర్లు మించకూడదని నిబంధన, మార్కెట్లో ఉన్నవి చాలావరకు 675 దగ్గర ఉంటాయి. అందులో 285 కంటే తక్కువ దగ్గర నిలిస్తే హెడ్ లైట్ (హెడ్డు తేలిక), 285 నుంచి 295 మధ్య అయితే ఈవెన్ (రెండువైపులా సమం), 295 దాటితే హెడ్ హెవీ (హెడ్డు బరువు). ఈ గీతలు కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ జరుగుతాయి, కాబట్టి ఒక కంపెనీ "ఈవెన్" ఇంకో కంపెనీ "ఈవెన్" ఒకటేనని నమ్మి ఆర్డర్ పెట్టొద్దు.

## 3. ఉన్న రాకెట్‌ను తూచండి, కొలవండి

గట్స్, గ్రిప్ అన్నీ ఉన్నట్టే కాటా మీద పెట్టండి. రాకెట్ పొడవుగా ఉండి పక్కకు ఒరుగుతుంది, అందుకే కాటా మీద చిన్న గిన్నె బోర్లించి బరువును సున్నా చేసుకుని, దానిమీద రాకెట్ నిలపండి. వచ్చిన గ్రాములు రాసుకోండి.

తర్వాత పెన్సిల్‌ను టేబుల్ అంచున అంటించి, దానిమీద షాఫ్ట్ ఆనించి, అటూ ఇటూ జరుపుతూ సమంగా నిలిచే చోట గుర్తు పెట్టండి. హ్యాండిల్ అడుగు నుంచి ఆ గుర్తు దాకా కొలవండి.

ఇప్పుడు మీ దగ్గర రెండు అంకెలున్నాయి, ఉదాహరణకు 93 గ్రాములు, 298 మిల్లీమీటర్లు. ఇకనుంచి ఏ రాకెట్ పట్టుకున్నా ఈ రెండింటితోనే పోల్చుకుంటారు. స్నేహితుల రాకెట్లు కూడా ఇలాగే కొలిచి రాసుకుంటే, "వాడి బ్యాట్ భలే తేలిగ్గా ఉంది" అనిపించింది బరువు వల్లనా, బ్యాలెన్స్ వల్లనా అన్నది అప్పుడే తెలిసిపోతుంది. చాలాసార్లు అది బ్యాలెన్స్ వల్లే.

ఎందుకంటే ఊపేటప్పుడు చేతికి తెలిసేది మొత్తం బరువు కాదు, చేతికి దూరంగా ఉన్న బరువు. దూరం రెట్టింపైతే అదే గ్రాము నాలుగింతలు ఇబ్బంది పెడుతుంది. 3యూ హెడ్ లైట్ రాకెట్ ఒక్కోసారి 4యూ హెడ్ హెవీ కంటే చురుగ్గా తిరగడానికి కారణం ఇదే.

## 4. మీ ఆటను పరీక్షించుకోండి

ఇది తొందరపడి చేసే పని కాదు. ఒళ్లు వేడెక్కాక, మామూలుగా మీరు ఆడే షటిల్‌తో, మూడు పరీక్షలు.

మొదటిది, టాస్. వెనక లైన్ దగ్గర నిలబడి అవతలి వెనక లైన్‌కు ఎత్తుగా పది కొట్టండి. డబుల్స్ సర్వీస్ వెనక లైన్‌కూ చివరి లైన్‌కూ మధ్య 76 సెంటీమీటర్ల పట్టీ ఉంటుంది కదా, పదిలో ఆరేడు ఆ పట్టీలో పడితే మీ ఊపు బాగుంది. ముందే పడిపోతుంటే వీడియో తీసి చూడండి: రాకెట్ షటిల్‌ను తల ముందు అందుకుంటోందా, తల దాటి వెనక్కి పోయాక అందుకుంటోందా? వెనక అందుకుంటున్నారంటే హెడ్డు బరువు మీ చేతిని ఆలస్యం చేస్తోంది, లేదా మీ కాళ్లు ఆలస్యంగా వెళ్తున్నాయి. కాళ్ల సమస్యకు రాకెట్ మార్చినా ఫలితం ఉండదు.

ఒక జాగ్రత్త. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, వేడి గాలి పల్చబడి షటిల్ ఎక్కువ దూరం పోతుంది. నైలాన్ షటిల్‌లో నెమ్మదిగా పోయే ఆకుపచ్చ పట్టీ రకాన్ని కూడా 22 నుంచి 33 డిగ్రీల వాతావరణానికి ఉద్దేశించి చేశారు. కాబట్టి మేలో టాస్ చివరిదాకా పడిందని సంబరపడి బరువైన రాకెట్ కొంటే, డిసెంబరు పొద్దున అదే టాస్ మధ్యలో పడిపోతుంది. ఎండాకాలంలో పరీక్షించుకుంటే తెల్లవారుజామున చేయండి.

రెండోది, డిఫెన్స్. ఎదుటి మనిషిని మీ ఒంటి మీదికి ఇరవై స్మాష్‌లు కొట్టమనండి. ఎన్ని తిరిగి వెళ్లాయన్నది ముఖ్యం కాదు, తప్పినవి ఎలా తప్పాయో చూడండి. షటిల్ ఫ్రేమ్ అంచుకు తగిలి పక్కకు పోతుంటే, లేదా రాకెట్ పైకి లేచేలోపే ఒంటికి తగులుతుంటే, హెడ్డు మీకు బరువెక్కువ. అందుకున్నా నెట్ దాటక కింద పడుతుంటే పట్టు బిగువు, మణికట్టు సంగతి చూసుకోవాలి.

మూడోది, చివరి గేమ్. మొదటి గేమ్‌లో ఏ రాకెట్ అయినా బాగానే ఉంటుంది. గంటన్నర ఆడాక, మూడో గేమ్‌లో 15 పాయింట్లు దాటాక, మీ స్మాష్ నెట్‌కు తగలడం మొదలైందా? భుజం పైకి లేవనంటోందా? ఈ పరీక్షలో తేలిన బరువే మీ అసలు బరువు. అంగట్లో గాల్లో రెండుసార్లు ఊపి "బాగుంది" అనుకుని తెచ్చుకున్న రాకెట్లు ఓడిపోయేది ఇక్కడే.

## 5. గ్రిప్పుతో, టేపుతో మార్చి చూడండి

హ్యాండిల్ మీద ఇంకో ఓవర్‌గ్రిప్ చుడితే మొత్తం బరువు 5 గ్రాములు పెరుగుతుంది, బ్యాలెన్స్ మాత్రం దాదాపు 10 మిల్లీమీటర్లు హ్యాండిల్ వైపుకు దిగుతుంది. అంటే 298 ఉన్న హెడ్ హెవీ రాకెట్ ఒక్క గ్రిప్పుతో 288కి వచ్చి ఈవెన్ అవుతుంది. గట్స్ వేసినప్పుడు బ్యాలెన్స్ ఇంచుమించు ఇంతే పైకి జరుగుతుంది కాబట్టి, గట్స్, ఒక ఓవర్‌గ్రిప్ కలిస్తే మళ్లీ మొదటికి దగ్గరగా వస్తుందని గుర్తుపెట్టుకోండి.

దీనికి వ్యతిరేకంగా, ఫ్రేమ్ కొన మీద 1 గ్రాము టేప్ అంటిస్తే బ్యాలెన్స్ సుమారు 4 మిల్లీమీటర్లు పైకి పోతుంది. చూడ్డానికి చిన్నదే. ఊపితే వెంటనే తెలుస్తుంది.

చేయాల్సిన క్రమం:

1. నాలుగో మెట్టులో డిఫెన్స్ ఆలస్యమైందా? ఒక ఓవర్‌గ్రిప్ అదనంగా చుట్టండి. హ్యాండిల్ మరీ లావైతే, కింద ఉన్న పాత గ్రిప్ తీసేసి రెండు ఓవర్‌గ్రిప్‌లు మాత్రమే ఉంచండి. తర్వాత మళ్లీ కొలవండి, ఎందుకంటే పాత గ్రిప్ తీసేశాక లెక్క మారుతుంది.
2. టాస్ సరైన చోటే తగులుతోంది, చేయీ అలసిపోవడం లేదు, కానీ షాట్‌లో బరువు లేదా? కొన మీద 1 గ్రాము టేప్ వేయండి. సరిపోకపోతే ఇంకో గ్రాము. మూడు గ్రాములు దాటించొద్దు.
3. ఒకసారికి ఒకటే మార్చండి. గ్రిప్, గట్స్, టేప్ మూడూ ఒకేరోజు మారిస్తే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు.
4. ప్రతి మార్పుతో కనీసం మూడు రోజులు ఆడండి. మొదటి రోజు కొత్తదనమే బాగున్నట్టు అనిపిస్తుంది.
5. బాగా కుదిరిన రోజు బరువు, బ్యాలెన్స్ రాసుకోండి.

చాలామందికి ఇక్కడే పని అయిపోతుంది, కొత్తది కొనాల్సిన అవసరమే ఉండదు. కొనాలన్నా సరే, అంగడికి వెళ్లేటప్పుడు ఏ అంకెలు వెతకాలో తెలిసి వెళ్తారు.

## 6. ఎవరికి ఏది సరిపడుతుంది

కొత్తగా నేర్చుకునేవాళ్లకు 4యూ, ఈవెన్ బ్యాలెన్స్. ఆలోచించాల్సిన పనిలేదు. అల్యూమినియం హెడ్డు, స్టీల్ షాఫ్ట్ ఉన్న చవక రాకెట్లు బరువెక్కువ, వాటితో నేర్చుకుంటే చెయ్యి మొరటు అలవాట్లు పట్టుకుంటుంది. బడ్జెట్‌లోనే పూర్తి గ్రాఫైట్ రాకెట్ చూడండి.

డబుల్స్‌లో నెట్ దగ్గర ఆడేవాళ్లకు, డ్రైవ్‌లు (నెట్ మీదుగా అడ్డంగా, వేగంగా కొట్టే షాట్లు), డిఫెన్స్ ఎక్కువుండేవాళ్లకు 4యూ లేదా 5యూ, హెడ్ లైట్ లేదా ఈవెన్. వెనక నిలబడి స్మాష్ చేసేవాళ్లకు 4యూ హెడ్ హెవీ, చేతిలో బలం, మంచి పద్ధతి రెండూ ఉంటే 3యూ. యోనెక్స్ ఆస్ట్రాక్స్ 88డీ, 88ఎస్ అని రెండు చేసింది ఇందుకే, ఒకటి వెనక ఆడేవాళ్లకు, ఇంకొకటి ముందు ఆడేవాళ్లకు. మన కోర్టుల్లో జంటలు రోజూ మారిపోతుంటాయి, ముందూ వెనకా రెండుచోట్లా ఆడాల్సి వస్తుంది కాబట్టి ఎక్కువమందికి 4యూ, 290 నుంచి 296 మధ్య బ్యాలెన్స్ మంచిదని నా అభిప్రాయం.

సింగిల్స్ ఆడేవాళ్లు 3యూ లేదా 4యూ, ఈవెన్ నుంచి కొంచెం హెడ్ హెవీ దాకా చూడొచ్చు. పొడుగు టాస్‌లకు ఆ బరువు సాయం చేస్తుంది.

నలభై దాటినవాళ్లు, భుజం, మోచేయి నొప్పి ఉన్నవాళ్లు 5యూ వైపు చూడండి, అదీ మరీ హెడ్ హెవీ కాకుండా. తేలికది పట్టుకుంటే పరువు తక్కువని అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి ఆ మాట పట్టించుకోవద్దు.

ఇక బాల్ బ్యాడ్మింటన్ నుంచి వచ్చినవాళ్లు. మన వైపు పల్లెల్లో, కాలేజీల్లో ఆ ఆట ఆడి షటిల్‌కు వచ్చినవాళ్లు చాలామంది. ఆ రాకెట్ బరువు 165 నుంచి 185 గ్రాములు, ఉన్ని బంతి కూడా షటిల్ కంటే చాలా బరువు. షటిల్ 5 గ్రాములు అటూ ఇటూ. అంత బరువు అలవాటైన చేతికి 4యూ పట్టుకుంటే ఏమీ పట్టుకోనట్టు ఉంటుంది, అందుకే అంగట్లో ఉన్నవాటిలో బరువైనదే ఎంచుకుంటారు. కానీ ఇక్కడ తేలికైన షటిల్‌ను చివరి క్షణంలో మణికట్టు, వేళ్ల విసురుతో కొట్టాలి, భుజంతో తోయడం కాదు. మీరు కూడా 4యూ ఈవెన్‌తోనే మొదలుపెట్టండి. రెండు నెలలు ఆడాక కావాలంటే టేప్‌తో బరువు పెంచుకోండి.

హెడ్ హెవీ అయితేనే స్మాష్ వేగంగా పోతుందన్న నమ్మకం గురించి ఒక్క విషయం చెప్తాను. అమలాపురం సాత్విక్ సాయిరాజ్ 2023 ఏప్రిల్ 14న జపాన్‌లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో కొట్టిన గిన్నిస్ రికార్డు స్మాష్, హెడ్ లైట్ సిరీస్‌గా అమ్మే నానోఫ్లేర్‌లోని 1000జెడ్ రాకెట్‌తో వచ్చింది. హెడ్డు బరువుంటే ప్రతి దెబ్బకూ ఊతం దొరుకుతుంది, నిజమే. కానీ దాన్ని వేగంగా తిప్పగలిగితేనే.

## 7. షాఫ్ట్, గట్స్

షాఫ్ట్ గట్టిగా ఉంటే వేగంగా ఊపేవాళ్లకు షాట్ సరిగ్గా వెళ్తుంది, నెమ్మదిగా ఊపేవాళ్లకు రాకెట్ కర్రలా అనిపిస్తుంది. టాస్ పరీక్షలో ఆరు కంటే తక్కువ వచ్చినవాళ్లు మీడియం లేదా ఫ్లెక్సిబుల్ తీసుకోండి.

గట్టింగ్ (గట్స్ బిగించడం) మొదట్లో 20 నుంచి 23 పౌండ్లు, కొంచెం ఆట వచ్చాక 24 నుంచి 26. టెన్షన్ (గట్స్ బిగువు) పెంచితే పవర్ పెరగదు, షటిల్ సరిగ్గా మధ్యలో తగలాల్సిన చోటు చిన్నదవుతుంది. ఫ్రేమ్ మీద రాసిన గరిష్ఠ పౌండ్లు దాటించొద్దు. ఎక్కువ కాలం మన్నాలంటే 0.70 మిల్లీమీటర్ల మందమున్న బీజీ65 లాంటి గట్ చాలు.

## 8. అంగట్లో చూడాల్సినవి

కాటా, కొలత టేపు వెంట తీసుకెళ్లండి. "అన్నా, ఒక్క నిమిషం తూచి చూస్తా" అంటే ఎవరూ కాదనరు.

- యూ, జీ గుర్తులు బాక్స్ మీద ఒకటి, రాకెట్ మీద ఒకటి లేకుండా సరిపోయాయా?
- రాకెట్‌కు గట్స్ ఉన్నాయా, లేవా? పాత రాకెట్ అంకెలు గట్స్‌తో కొలిచినవైతే, ఖాళీ ఫ్రేమ్‌తో పోల్చేటప్పుడు ఆ ఫ్రేమ్ బరువుకు 5 గ్రాములు, దాని బ్యాలెన్స్‌కు 10 నుంచి 14 మిల్లీమీటర్లు కలపండి.
- ఒకే మోడల్‌లో రెండు మూడు ఉంటే అన్నీ తూచండి. ఒకే యూలో 4 గ్రాముల దాకా తేడా ఉండొచ్చు.
- ఫ్రేమ్‌ను కంటికి నేరుగా పట్టుకుని చూడండి, మెలిక ఉందా?
- గట్స్ రంధ్రాల చుట్టూ వెంట్రుకంత పగుళ్లు ఉన్నాయా?
- బిల్లు, సీరియల్ నంబరు ఉన్నాయా?

ఆన్‌లైన్‌లో కొంటే మోడల్ పేరు కాదు, యూ చూసి ఆర్డర్ పెట్టండి. ఒకే పేరుతో 3యూ, 4యూ రెండూ అమ్ముతారు.

## 9. తరచూ వచ్చే ఇబ్బందులు, వాటికి పని

మోచేయి నొప్పి. రాకెట్ మార్చేముందు టెన్షన్ 2 పౌండ్లు తగ్గించండి. సన్నటి హ్యాండిల్‌ను గట్టిగా పిసికి పట్టుకోవడం కూడా కారణమే, కాబట్టి ఒక గ్రిప్ పెంచి, షటిల్ తగిలే క్షణంలో మాత్రమే బిగించడం అలవాటు చేసుకోండి. అప్పటికీ పోకపోతే హెడ్డు బరువు తగ్గించాలి. వారం దాటినా నొప్పి ఉంటే ఆట ఆపి డాక్టర్‌కు చూపించండి.

స్మాష్ లైన్ బయటికి పోతోంది. చాలా తేలికైన రాకెట్‌కు మారినవాళ్లకు ఇది మామూలే. ఊపు ముందే పూర్తవుతుంది. రెండు వారాలు ఓపిక పట్టండి, అప్పటికీ అలాగే ఉంటే కొన మీద 1 గ్రాము.

బయట కోర్టులో గాలికి షాట్ నిలవడం లేదు. బరువైన రాకెట్ గాలికి మందు కాదు. షటిల్ మార్చాలి, లేదా గాలి లేచేలోపు పొద్దున్నే ఆడుకోవాలి.

చెమటకు రాకెట్ జారుతోంది, అందుకే టవల్ గ్రిప్. బాగానే ఉంటుంది, కానీ బ్యాలెన్స్ ఎంత దిగిందో మళ్లీ కొలవండి. హెడ్ లైట్ రాకెట్ మీద మందపాటి టవల్ గ్రిప్ వేస్తే వెనక నుంచి స్మాష్‌కు ఏమీ మిగలదు.

## 10. కొన్న తర్వాత

మొదటి రెండు వారాలు పాత రాకెట్ ఇంట్లో పెట్టేయండి. ఒక గేమ్ దీంతో, ఒక గేమ్ దాంతో ఆడితే చెయ్యి దేనికీ కుదురుకోదు.

ఎండలో బైక్ మీద, కారు డిక్కీలో రాకెట్ వదిలేయొద్దు. వేడికి గట్స్ సడలిపోతాయి. ఒక గట్ తెగితే ఆడటం ఆపి మిగతావి కూడా వెంటనే మధ్యనుంచి కత్తిరించేయండి, లేకపోతే ఒకవైపు లాగుడుకు ఫ్రేమ్ వంగుతుంది.

గట్టింగ్ చేయించిన ప్రతిసారీ తేదీ, పౌండ్లు, బరువు, బ్యాలెన్స్ ఆ నోటు పుస్తకంలో రాసుకోండి. ఇంకో రాకెట్ కొనాల్సి వచ్చినప్పుడు ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసుకుని అంగడికి వెళ్లండి.